మసి తుడిచిన నక్షత్రాలు

మా అన్నయ్య ఇమాం హుస్సేన్ చివరగా చేసిన పని నక్షత్రాల అంచులకు అంటిన మసి తుడవటం. నిరుడు డిసెంబరు పద్నాలుగు, ఆదివారం, పొద్దున పదిగంటల వేళ. పెదకాకానిలో వాళ్ల డాబా మీద గోనెపట్టా పరుచుకుని, ఒక పాత పళ్ల బ్రష్షు, తడిగుడ్డ పెట్టుకుని కూచున్నాడు. ముందు కొయ్య నక్షత్రాలు. లేజరుతో కోసిన చెక్కకు అంచు పొడుగునా నల్లగా కాలిన చార ఉంటుంది. దాన్ని తుడవకుండా విందు బల్ల మీద పెడితే కింద పరిచిన తెల్లగుడ్డ పాడవుతుంది. ఒక్కో నక్షత్రానికి ఐదు మొనలు, ఒక్కో మొనకు రెండంచులు. ఓపిగ్గా తుడుచుకుంటూ పోయాడు. మధ్యలో కింద ఉన్న వదినను కేకేసి, "కరీమూ, ఇంకా పద్నాలుగున్నాయి, కాస్త టీ పెట్టు" అన్నాడు. వదిన టీ తీసుకుని మెట్లెక్కేసరికి పిట్టగోడకు ఆనుకుని ఉన్నాడు. బ్రష్షు చేతిలోనే ఉంది.

ఇదంతా వదిన చెప్పిందే. నేను చూడలేదు. నేనుండేది గుంటూరులో, ఆటో ఎక్కితే అరగంట దూరం. అయినా అప్పటికి తొమ్మిది నెలలు దాటింది నేను ఆ ఇంటి గడప తొక్కి. అన్నయ్య ఆ లేజరు మిషను మీద దొంగ మార్కాలు కోస్తున్నాడని నేను నమ్మాను. నమ్మానని రాయటం కూడా సరిగ్గా లేదు. అనుమానించాను. నమ్మకమైతే ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

అన్నయ్య గురించి చెప్పాలంటే రేకుల దగ్గర మొదలుపెట్టాలి. మా నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు. ఆ దూది ధూళి అన్నయ్యకు పడలేదు. పదహారేళ్లకే మిర్చి యార్డు గేటు ఎదుట చిన్న తడికల పాక వేసుకుని రేకులు కోయటం నేర్చాడు. మిర్చి బస్తాను యార్డులో టిక్కీ అంటారు. ప్రతి కమీషన్ కొట్టుకూ ఒక బొమ్మ ఉంటుంది, అది మార్కా. పలచటి రేకులో ఆ బొమ్మను ఉలితో తొలిచి, ఆ రేకును టిక్కీ మీద పెట్టి రంగు అద్దితే మార్కా పడుతుంది. లారీ దిగిన చోట ఆ బొమ్మ చూసే సరుకు కొంటారు, నచ్చకపోతే తిడతారు.

తొలిచేటప్పుడు బొమ్మ మధ్యలోని ముక్కలు ఊడిపోకుండా సన్నటి రేకు పట్టీలు వదలాలి. అన్నయ్య వాటిని వారధులనేవాడు. ఎక్కడ వారధి వదలాలన్నది ఒక్కొక్క పనివాడికి ఒక్కో అలవాటు. తెలిసినవాళ్లు వారధుల్ని బట్టి ఇది ఎవరి చెయ్యో చెప్పేవారు.

ఆయనకొక పట్టుదల ఉండేది. అరిగిన పాత రేకు తెచ్చిస్తేనే కొత్త రేకు కోసిచ్చేవాడు. తెచ్చినదాన్ని కొట్టు మనిషి చూస్తుండగా కత్తెరతో అడ్డంగా కత్తిరించి, సగం అతని చేతిలో పెట్టి, సగం తన పెట్టెలో వేసుకునేవాడు. "మార్కా ఒక్కటే ఉండాలి. రెండున్నాయంటే ఒకటి దొంగది" అనేవాడు. ఎంత పెద్ద షావుకారు కబురు చేసినా ఆ ఒక్క విషయంలో వినేవాడు కాదు. ముప్పై ఏళ్లు యార్డంతా ఆయన దగ్గరికే వచ్చిందంటే పనితనం ఒక్కటే కాదు కారణం. నన్ను యలమందయ్యగారి కొట్లో గుమస్తాగా తీసుకున్నది కూడా హుస్సేన్ తమ్ముడినని. ఆ కొట్టుది పడవ మార్కా, తెరచాప ఎత్తిన పడవ. యలమందయ్యగారి తాతల నాడు సముద్రం పక్క ఊళ్లో ఉండేవారట.

తర్వాత ఫ్యాక్టరీల్లోనే మార్కా అచ్చయిన సంచులు రావటం మొదలైంది. రేకుల పాకకు మనుషులు తగ్గారు. కరోనా ఏడు గడిచాక గుంటూరులో ఒక పెళ్లికార్డుల దుకాణం మూతపడుతుంటే, వాళ్ల లేజరు మిషను అన్నయ్య కొనుక్కొచ్చాడు. మూతున్న పెద్ద పెట్టెలా ఉండేది. వెనకగదిలో పెట్టాడు. దానికొక పాత కంప్యూటరు. మిషను వేడెక్కకుండా పక్కన బకెట్లో నీళ్లు, బకెట్లోంచి గొట్టం. ఎండాకాలం నీళ్లు కాగిపోతుంటే ఐసుముక్కలు తెచ్చి వేసేవాడు. పొగ పోవటానికి కిటికీలోంచి ఇంకో గొట్టం వీధిలోకి తీశాడు. కాలిన చెక్క వాసన ఆ వీధికి అలవాటవటానికి నెలలు పట్టింది.

"హుస్సేనయ్యా, లోపలేం కాలుస్తున్నావ్? దొంగనోట్లా?" అని ఎదురింటి ఆదెయ్య అరుగు మీది నుంచే అడిగేవాడు.

"నీకెందుకు మావా, అయ్యాక ఒక కట్ట నీ గుమ్మంలో పడేస్తాగా."

"పడెయ్, పోలీసోళ్లకు నీ పేరే చెబుతా."

అందరూ నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను. నాలుగేళ్ల తర్వాత అదే మాట నా తలలో వేరేగా వినపడుతుందని అప్పుడు తెలియదు.

మొదటి పని ఇచ్చింది జక్రయ్య. మా ఊరివాడే, చర్చిలో పెద్ద, అన్నయ్యకు చిన్ననాటి నేస్తం. క్రిస్మస్ తర్వాత చర్చి హాల్లో పెట్టుకునే ప్రేమవిందుకు ప్రతి బల్ల నడుమా ఒక కొయ్య నక్షత్రం నిలబడాలి, దాని కింద కొవ్వొత్తి పెట్టుకునే చోటుండాలి. ఇంతే అడిగాడు. అన్నయ్య వారం రోజులు తంటాలు పడి ఒకటి చేసి చూపించాడు. నక్షత్రంలో నక్షత్రం, దానిలో ఇంకో చిన్న నక్షత్రం. లోపలివి ఊడి పడకుండా అలవాటు కొద్దీ అన్నిచోట్లా వారధులు వదిలాడు. జక్రయ్య దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేంటన్నా, మిర్చి టిక్కీ మీద అద్దుకోమంటావా? ఏసుప్రభువు పుట్టినరోజుకు కమీషన్ కొట్టు పెడుతున్నామా మేము?"

"లోపలిది ఊడిపోదూ మరి?"

"ఊడిపోతే పోనీ. ఊడిందే కావాలి. దాన్ని పక్కన విడిగా నిలబెడతాం."

అన్నయ్య ఆ నక్షత్రాన్ని మళ్లీ తన చేతిలోకి తీసుకున్నాడట. ముప్పై ఏళ్లుగా ముక్క ఊడిపోతే పని చెడినట్టే. ఇప్పుడు ఊడిన ముక్కే పని. జక్రయ్య ఇది చెప్పి చెప్పి నవ్వేవాడు. ఆ తర్వాత ఇంకో సంగతి తెలిసొచ్చింది. లేజరు మంట చెక్కలో వెంట్రుకవాసి తినేస్తుంది. ఒక ముక్కను ఇంకో ముక్క గాడిలో దూర్చి నిలబెట్టాలంటే, ఆ తినేసిన మేరకు గాడి ఇరుకుగా గీయాలి. లేకపోతే నక్షత్రం తాగినవాడిలా ఊగుతుంది. ఇవన్నీ అన్నయ్య పాడుచేసి నేర్చుకున్నాడు. కింద కట్టెల పొయ్యి దగ్గర వదినకు ఎప్పుడూ మొనలు విరిగిన నక్షత్రాలే వంటచెరకు.

రెండో ఏటికి పశువుల పాక, గొల్లలు, ఒంటెలు. ఇఫ్తారు బల్లకు నెలవంక అంచున్న ఖర్జూరాల పళ్లెం. ఉగాదికి ఆరు చిన్న గిన్నెలు కూచునే పీట, ఒక్కో గిన్నె ముందు చిన్న ఆకు. ఏ పండగ ఎవరిదైనా బల్ల ఒకటేగా అనేవాడు. గుంటూరులో అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు, మాధురి అని ఒక కాలేజీ లెక్చరరు ద్వారా, ఒకరిని చూసి ఒకరు అడగటం మొదలుపెట్టారు. యాభై రెండేళ్ల మనిషి ఫోనులో బొమ్మలు చూసి, "ఇది నేను చేస్తానుగానీ ఈ చెట్టు మాత్రం మన దగ్గర లేదు, వేపచెట్టు పెట్టనా?" అని అడిగేవాడు.

ఇంతవరకు రాసింది చూస్తే ఆయన మీద నాకు అనుమానం ఎందుకొచ్చిందా అనిపిస్తుంది. వచ్చింది. నిరుడు ఫిబ్రవరి మొదటి వారంలో.

మిర్చి దిగుబడి ఊపందుకున్న రోజులు. పొద్దున్నే కొట్టుకు వెళ్లేసరికి కాటా పక్కన ఒక టిక్కీ విప్పి ఉంది. యలమందయ్యగారు కుర్చీలోంచి లేవకుండానే పిలిచారు.

"ఏవోయ్ అయూబ్, ఇలా రా. ఇది మన సరుకేనా?"

పైన రెండు గుప్పెళ్లు ఎర్రకాయ. చెయ్యి పెట్టి తిరగేస్తే అడుగంతా తాలు, తెల్లబారిపోయిన కాయ. టిక్కీ మీద మా పడవ మార్కా.

"మనది కాదండీ. మనం తాలు విడిగా కడతాం."

"అది నాకు తెలుసు. కొన్నవాడికి తెలియదుగా. సింగరాయకొండ దగ్గర హైవే పక్క గోడౌన్లో ఇలాంటివి ఇంకా ముప్పై ఉన్నాయట. మరి మన మార్కా వాటిమీదికి ఎలా వచ్చింది?"

మార్కా రేకు నా పెట్టెలోనే ఉంది. తీసి చూపించాను. ఆయన దాన్ని చూసి తలూపి, నన్ను చూశారు. అప్పటికి ముఠా కూలీలు చుట్టూ చేరారు. వాళ్ల మేస్త్రి గోడకు ఆనుకుని అన్నాడు.

"మీ అన్న దగ్గర అదేదో లైటు మిషనుందటగా? దాంతో రేకేంటి, మనిషినే కోయొచ్చట."

"కోస్తే నీ నాలుక ముందు కోయిస్తాలే."

"కోయించు. మార్కా మాత్రం కోయించబాక."

వాళ్లు నవ్వారు. యలమందయ్యగారు నవ్వలేదు. అందరూ వెళ్లాక నెమ్మదిగా చెప్పారు.

"నేను నిన్నేం అనట్లేదోయ్. మీ అన్న ఎలాంటివాడో నాకూ తెలుసు. కానీ గుమస్తా నా కొట్లో ఉంటాడు, మిషను వాళ్లన్న ఇంట్లో ఉంటుంది. బయటివాడు ఏమనుకుంటాడో నువ్వే చెప్పు. ఉగాది లోపు ఈ సంగతి తేలాలి. తేలకపోతే నువ్వు నా దగ్గర ఉండటం నీకూ మంచిది కాదు, నాకూ కాదు."

ఆ టిక్కీని ఖాళీ చేయించి, సంచిని మడతపెట్టి కాటా వెనక మూలన పెట్టించారు, సాక్ష్యంగా ఉంటుందని. నేను రోజుకు ఇరవైసార్లు దాని పక్కనుంచే నడిచాను. ఒక్కసారి కూడా వంగి మార్కా చూడలేదు. చూస్తే అందులో అన్నయ్య చెయ్యి కనపడుతుందేమోనని భయం. కనపడకపోతే నా అనుమానానికి సిగ్గుపడాల్సి వస్తుందని ఇంకో భయం కూడా ఉందేమో.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పెదకాకాని వెళ్లాను. చుట్టపుచూపుగా వెళ్లినట్టే వెళ్లి అన్నీ గమనించేవాణ్ణి. వెనకగది తలుపు మూసే ఉండేది. ఎందుకని వదినను అడిగాను.

"కళ్లు పోతాయంట. ఆ వెలుగు చూడకూడదంట. ఆయన మాత్రం చూడొచ్చు, ఆయన కళ్లు ఇనపవి."

"ఏం కోస్తున్నాడో నువ్వు చూడవా?"

"కోసినాక చూస్తా. మసి తుడవాలిగా." అని నా మొహంలోకి చూసింది. "ఏంది అయూబూ, నీ వాలకం ఏం బాలేదు. ఏమైంది?"

ఏమీ లేదన్నాను. మాటల మధ్యలో ఆమే చెప్పింది, మొన్న బుధవారం అన్నయ్య ఒక మూట పట్టుకుని రైల్లో సింగరాయకొండ వెళ్లొచ్చాడని. సాయంత్రం అన్నయ్య దగ్గర మామూలుగా అన్నట్టు అడిగాను, ఈమధ్య ఎటైనా వెళ్లావా అని.

"ఎటు వెళ్తాను? ఇక్కడే" అన్నాడు.

అబద్ధం చెప్పటం రాని మనిషి చెప్పిన అబద్ధం అది. గోడవైపు చూస్తూ చెప్పాడు. దాంతో నాలో ఉన్న కాస్త తటపటాయింపు కూడా పోయి అనుమానం గట్టిపడింది.

ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం. రంజాను నెల మొదలవటానికి రెండు రోజులుంది. అన్నయ్య జుమ్మా నమాజుకు వెళ్లే వేళ చూసుకుని వెళ్లాను. వదిన వంటింట్లో ఉంది. వెనకగది తలుపుకు తాళం కూడా లేదు. లోపల చెక్కముక్కలు, సిలువ ఆకారంలో చిల్లులు పడ్డ పలకలు, ఈస్టరుకు కోస్తున్న పూలు. అట్టపెట్టెలన్నీ వెతికాను. చివరికి మిషను మూత ఎత్తితే, మూత లోపలివైపు టేపుతో అతికించిన ఒక కాగితం. దానిమీద పెన్సిలుతో పడవ. తెరచాప, తెడ్డు, వారధులు అన్నీ ఉన్నాయి. సరిగ్గా టిక్కీ మీద ఉన్నంత కొలత. తెరచాప కింది మూల ఒక ఏటవాలు గీత ఎక్కువగా ఉంది, చెయ్యి జారి పడిందనుకున్నాను.

అన్నయ్య వచ్చేసరికి వసారాలో కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఏంటన్నయ్యా ఇది?"

ఆయన టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాగితం కోసం చెయ్యి చాపలేదు.

"పడవ."

"పడవని నాకూ తెలుసు. ఎవరి పడవ?"

"మీ షావుకారుది."

"అది నీ మిషన్లో ఎందుకుంది?"

"నేనే పెట్టాను." చెప్పులు విప్పుతూ అడిగాడు. "ఏరా, ఆ టిక్కీ నువ్వు చూశావా?"

"చూశాను."

"నిలబడి చూశావా, వంగి చూశావా?"

"నిన్ను అడగాల్సింది నేను. నన్ను నువ్వు అడగటమేంటి?"

"సర్లే. పాత రేకు ఏమైందిరా?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. పదకొండేళ్ల కిందట పడవ రేకు అరిగిపోతే కొత్తది కోయించుకురమ్మని యలమందయ్యగారు నన్ను పంపారు. పాత రేకు నా దగ్గర లేదు. లారీ ఎక్కిస్తున్న హడావుడిలో ఎక్కడో పెట్టాను, వెతకలేదు. పారేశానని, తుక్కులో పోయిందని అన్నయ్యకు చెప్పాను. ఆయన ఉలి పక్కన పెట్టి కూచున్నాడు, పాతది లేకుండా కోయనని. "నా మాట మీద కూడా కోయవా?" అన్నాను. కోశాడు. ముప్పై ఏళ్లలో ఆ ఒక్కసారే.

"పదకొండేళ్ల నాటి మాట ఇప్పుడెందుకు తీస్తున్నావు? ఈ గోలను నా నెత్తిన రుద్దుదామనా?"

"అడిగాను. అంతే."

"సింగరాయకొండ ఎందుకెళ్లావు? వెళ్లలేదని ఎందుకన్నావు?"

గొంతులు విని వదిన గరిటె చేత్తోనే వచ్చింది.

"ఏందిరా అన్నదమ్ములు ఈ అరుపులు? ఆదెయ్య మావ అరుగెక్కి వింటన్నాడు. కూచుని అన్నాలు తినండి ముందు."

"ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్పమను వదినా, దొంగ మార్కా కోయలేదని."

అన్నయ్య మొహం నాకిప్పటికీ కనపడుతుంది. కోపం కాదు. పెద్ద బరువు దించుకోబోయి మళ్లీ భుజానికెత్తుకున్నవాడిలా ఉన్నాడు.

"నేను కోయలేదు" అన్నాడు. "ఇంతకు మించి నా దగ్గర మాట లేదు."

"అయితే ఆ మిషను ఆపెయ్. ఊరందరి నోళ్లూ మూతపడతాయి."

"ఈస్టరుకు ఇరవై బల్లలకు ఒప్పుకున్నానురా."

నేను అన్నం తినకుండా వచ్చేశాను. కాగితం జేబులో పెట్టుకొచ్చాను.

మర్నాడు యలమందయ్యగారికి, మా అన్నకూ నాకూ మాటల్లేవని చెప్పాను. ఆయన ఊఁ అన్నారు. ఉగాది వచ్చింది, పోయింది. నన్ను తీసెయ్యలేదు. కొట్టుకు పడవ తీసేసి కొత్త మార్కా అచ్చేయించారు. గొడవ సద్దుమణిగింది. తోడబుట్టినవాణ్ణి వదులుకున్నాను కాబట్టి నా నిజాయితీ మీద ఆయనకు గురి కుదిరిందనే అనుకున్నాను. అందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

రంజాను నెలలో ఒక సాయంత్రం ఆటో అతను అన్నయ్య పంపాడని ఒక పొట్లం ఇచ్చి వెళ్లాడు. నెలవంక అంచున్న ఖర్జూరాల పళ్లెం. అంచుకు మసి లేదు, నూనె రాసి ఉంది. కింద చీటీ ఏమన్నా ఉందేమో, ఏదన్నా ఒప్పుకోలు ఉందేమో అని తిప్పి చూశాను. ఏమీ లేదు. మంచి చేసుకోవాలని చూస్తున్నాడనుకున్నాను. తప్పు చేయనివాడికి మంచి చేసుకునే అవసరమేంటి? పళ్లేన్ని బీరువా మీద పెట్టేశాను. అనుమానానికి అన్నీ పనికొస్తాయి. ఆయన కబురు పంపితే ఎందుకు పంపాడని, పంపకపోతే ఎందుకు పంపలేదని. వదిన ఫోను చేస్తే ఆయనే చేయించాడని. బక్రీదుకు ఈద్గా దగ్గర దూరం నుంచి చూశాను. బాగా చిక్కిపోయాడు. దానికీ నా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంది.

జనాజా రోజున ఇంటినిండా జనం. నేను డాబా ఎక్కాను. నక్షత్రాల మీద ఎవరో దుప్పటి కప్పారు. ఎత్తి చూశాను. తుడిచినవి ఒక వైపు, తుడవనివి పద్నాలుగు ఇంకో వైపు. కిందికి దిగి వెనకగదిలోకి వెళ్లాను, సర్దుతున్నట్టు. నిజానికి వెతికాను. అన్నయ్యను ఇంకా ఇంట్లోంచి తీసుకెళ్లనే లేదు, నేను ఆయన అట్టపెట్టెలు విప్పుతున్నాను. నక్షత్రాలు, నక్షత్రాల చిల్లులున్న చెక్కలు, ఇంకేం లేవు. ఎక్కడో దాచి ఉంటాడనుకుంటూ బయటికొచ్చి పాడె పట్టుకున్నాను.

మిగిలిన పద్నాలుగూ వదిన తుడిచింది. మూడోనాడే బ్రష్షు పట్టుకుని కూచుంది. వద్దని ఎవరో అంటే, "ఒప్పుకున్న పని" అంది. జక్రయ్య వచ్చి అన్నీ తీసుకెళ్లాడు. ప్రేమవిందుకు నన్ను కూడా పిలిచాడు గానీ నేను పోలేదు.

జనవరిలో నలభయ్యో రోజు ఫాతెహాకు జక్రయ్య వచ్చాడు. భోజనాలయ్యాక వసారాలో నా పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"అయూబూ, నీకొక మాట చెప్పాలి. మీ అన్న చెప్పొద్దన్నాడు. పోయినవాడికి ఇచ్చిన మాట ఎంతవరకు మోయాలో నాకు తెలియటంలేదు."

నేను అతనివైపు తిరిగాను.

"నిరుడు ఫిబ్రవరిలో సింగరాయకొండ వెళ్లింది మేమిద్దరం. అక్కడి చర్చివాళ్లకు ఈస్టరు బల్లలకు పెట్టే పూలు, సిలువలు చూపించటానికి. దొంగ మార్కా గొడవ అప్పటికే యార్డు మనుషుల ద్వారా మీ అన్న చెవిన పడింది. పనయ్యాక, ఆ గోడౌను ఎక్కడో కనుక్కుందాం పదమన్నాడు. మా బామ్మర్ది అక్కడ కూలీ. లోపలికి తీసుకెళ్లాడు. మీ అన్న టిక్కీ ముందు మోకాళ్ల మీద కూచుని మార్కా మీద వేలు పెట్టి, అట్టా నిమురుతూనే ఉన్నాడు. కాగితం ఉందా అన్నాడు. చర్చిలో ఇచ్చిన కరపత్రం ఒకటి జేబులో ఉంటే ఇచ్చా. టిక్కీ మీద పరిచి పెన్సిలుతో దిద్దుకున్నాడు."

"ఏమన్నాడు?"

"ఇది మిషను పని కాదు జక్రయ్యా, అన్నాడు. అంతే. అయితే మంచిదేగా, మీ వాళ్లకు చెప్పు అన్నా. ఒంగోలు దాటిందాకా నోరు విప్పలేదు. దాటాక, మా అయూబుకు మాత్రం మనం ఇక్కడికొచ్చినట్టు తెలియకూడదు, అన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలా."

ఆ కాగితం మా ఇంట్లో డైరీలో ఉంది. పదకొండు నెలలు పడవనే చూశాను గానీ కాగితాన్ని ఒక్కసారీ వెనక్కి తిప్పలేదు. ఆ సాయంత్రం తిప్పాను. సింగరాయకొండలో ప్రార్థన కూడికలు, తేదీలు, బోధకుల పేర్లు.

మర్నాడు కొట్టు తెరవగానే కాటా వెనక మూలకు వెళ్లాను. సంచి అక్కడే ఉంది, దుమ్ము కొట్టుకుపోయి. విప్పి, నేల మీద పరిచి, వంగి చూశాను. తెరచాప కింది మూల ఏటవాలు గీత. చెయ్యి జారి పడింది కాదు. పాత రేకు వాడుకలో ఉన్న రోజుల్లో ఒకసారి నా చేతిలోంచి జారి, అక్కడ వారధి విరిగితే, అన్నయ్య సన్నటి రేకు ముక్కను అడ్డంగా అతికి ఇచ్చాడు. ఆ అతుకు మేర రంగు పడేది కాదు. కొత్త రేకుకు ఆ అతుకు లేదు. ఎవరో ఏరుకుని, పదకొండేళ్లు దాచి వాడిన రేకు అన్నయ్య కోసిందే. నేను పోగొట్టింది. టిక్కీ మీద వేలు పెట్టిన క్షణంలోనే ఆయనకు తెలిసిపోయి ఉంటుంది.

నేలమీదే కూచుండిపోయాను. యలమందయ్యగారు వచ్చి కుర్చీలో కూచుని కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"ఏంటోయ్, అది ఇప్పుడెందుకు తీశావు?"

"ఇది మిషను మీద కోసింది కాదండీ. మన పాత రేకు. అప్పుడు పోయింది చూశారూ, అది. నేనే పోగొట్టాను. మా అన్నకు తుక్కులో పారేశానని అబద్ధం చెప్పి కొత్తది కోయించాను."

ఆయన కళ్లజోడు పెట్టుకుని నావైపు చూశారు.

"నువ్వా? మీ అన్న తన దగ్గరే పోయిందన్నాడే."

"ఎప్పుడన్నాడు?"

"ఉగాదికి ముందు సోమవారం. నువ్వు కోల్డ్ స్టోరేజీకి వెళ్లావు ఆ రోజు. పాత రేకు నా దగ్గరికి వచ్చింది, కత్తిరించకుండా బద్ధకించాను, పాకలోంచి ఎవరో ఎత్తుకుపోయారు, తప్పు నాది, మా తమ్ముణ్ణి పనిలోంచి తియ్యొద్దని చెప్పాడు. వాడికీ సంగతి తెలియనివ్వకండి అన్నాడు. ఇక్కడే నిలబడ్డాడు, కూచోమన్నా కూచోలేదు. ఎండన పడి వచ్చాడు కదాని మంచినీళ్లు తెప్పిస్తే, ఉపవాసమన్నాడు."